గల్లాపెట్టె వెనక కూర్చున్నవాళ్ళు, ముందు నిలబడ్డవాళ్ళు

ఈసారి రాసింది కొంచెం పొడుగైంది. అంగళ్ళు మూసి ఇంటికి చేరినాక తీరిగ్గా చదవండి.

పోయిన ఆడి నెలలో జరిగిన సంగతితో మొదలుపెడతాం. మన సభ్యుల ఇంటి ఆడపిల్ల ఒకామె వేలూరులో ఒక పెద్ద బట్టల అంగట్లో చీరల అంతస్తుకు మేనేజరు. ఆడి తగ్గింపు రోజులంటే మీకు చెప్పనక్కర్లేదు. నిలబడడానికి చోటుండదు. ఆ రద్దీలో ఒకావిడ పది రోజుల కింద కొన్న పట్టుచీర తీసుకొచ్చి, రంగు పోయింది, డబ్బు వాపసు ఇమ్మంది. "నీళ్ళలో ఉతికినారా అక్కా?" అని మన పిల్ల అడిగింది. అంతే. ఆవిడ గొంతు లేచింది. పక్కనున్నాయన ఫోను తీసి వీడియో పట్టినాడు. "నీ జీతం మేమిచ్చే డబ్బే" అన్నారు. యజమాని వచ్చి, ఏం జరిగిందని అడగకుండా, అందరి ముందు ఆ పిల్ల చేత క్షమాపణ చెప్పించి, చీరకు చీర ఇచ్చి పంపేసినాడు. మర్నాడు పిల్ల పనికి పోలేదు.

ఆ ఆదివారం మన కూటానికి వాళ్ళ నాయన ఆమెను వెంటబెట్టుకొచ్చినాడు. పెద్దలు తలా ఒక మాట చెప్పినారు. "మా కాలంలో కొనేవాళ్ళు దేవుళ్ళు పాపా, ఓర్చుకోవాల" అన్నారు ఒకరు. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు ఇంకొకరు. పిల్ల అంతా విని ఒకటే అడిగింది: "మీ కాలంలో మీరు కూర్చోని ఉండేవాళ్ళు గదా తాతా?"

ఎవరమూ జవాబు చెప్పలేకపోయినాం. మన సంఘంలో సగం మందిమి అంగళ్ళవాళ్ళ పిల్లలం. గుడియాత్తం లుంగీల అంగళ్ళు, వేలూరు బజారులో పచారీ కొట్లు, నగల అంగళ్ళు, మందుల షాపులు చూస్తూ పెరిగినాం. అయినా అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య తగువు ఎట్లా పుట్టింది, ఎట్లా మారింది అని ఎప్పుడూ కూర్చోని ఆలోచించలేదు. ఆ పిల్ల ప్రశ్న పట్టుకుని ఈ నాలుగు నెలలు పెద్దల్ని అడిగినాం, పుస్తకాలు తిరగేసినాం. తెలిసింది మీ ముందు పెడుతున్నాం.

ముందు మన ఊళ్ళ సంగతి. రాయవేలూరు అని మనవాళ్ళు ఊరికే అనలేదు. విజయనగర రాయల చివరి తరాలవాళ్ళు 17వ శతాబ్దం మొదట్లో ఇక్కడి కోట నుంచే పాలించినారు. తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడడానికి అది ఒక కారణం. రెండో కారణం దగ్గరతనం. 1911లో చిత్తూరు జిల్లా వేరు చేసేదాకా వేలూరు, గుడియాత్తం, చిత్తూరు, పలమనేరు అన్నీ ఒకటే ఉత్తర ఆర్కాటు జిల్లా, దానికి ముఖ్యపట్టణం చిత్తూరు. తర్వాత జిల్లాలు విడిపోయినాయి, 1953లో రాష్ట్రాలే విడిపోయినాయి. పెళ్ళి బట్టలకు, నగలకు చిత్తూరు, పలమనేరు జనం ఈ పక్కకు రావడం మాత్రం ఆగలేదు. ఇప్పటికీ మన అంగళ్ళలో తమిళంతో పాటు తెలుగు, ఉర్దూ వినబడేది అందుకే.

పాత అంగడి ఎట్లా ఉండేదో పెద్దలకు తెలుసు, పిల్లల కోసం చెప్తాం. నేల మీద పరుపు, పైన తెల్లదుప్పటి, ఆనుకోను దిండ్లు. చెప్పులు బయట విప్పి రావాల. యజమాని పరుపు మీద, ముందు చిన్న గల్లాపెట్టె. కొనను వచ్చినవాళ్ళూ అదే పరుపు మీద కూర్చునేవాళ్ళు. "రాండి, కూర్చోండి, ఏం కావల్ల?" అనడంతో బేరం మొదలు. మంచినీళ్ళు, ఎండాకాలమైతే సోడా. పెళ్ళి బట్టలైతే ఒక పూటంతా పట్టేది. గుట్టలుగా విప్పి చూపించినాక కూడా ఏమీ కొనకుండా లేచిపోయేవాళ్ళు ఉండేవాళ్ళు. విప్పినవాడు మళ్ళా మడిచి పెట్టుకునేవాడు. అప్పటికీ అది విసుగే.

బేరానికి ఒక వరస ఉండేది. అమ్మేవాడు ఎక్కువ చెప్పాల, కొనేవాడు తక్కువ అడగాల, మధ్యలో ఎక్కడో కలవాల. పొద్దున్నే వచ్చిన మొదటి బేరం బోణీ. బోణీ వదులుకోవడం ఇష్టం లేక యజమాని కొంచెం తగ్గేవాడు, అది తెలిసి కొందరు పనిగట్టుకుని పొద్దున్నే వచ్చేవాళ్ళు. కొన్న ధర గుర్తుండను సరుకు మీద అంకెలకు బదులు అక్షరాలు రాసుకునేవాళ్ళు. కొనేవాళ్ళ ముందరే గుమాస్తాతో లెక్క మాట్లాడుకోను అంకెలకు వేరే పేర్లు వాడేవాళ్ళు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన దక్షిణ భారత కులాల సంపుటాల్లో మన వర్తకుల ఈ రహస్య లెక్కల భాషను ప్రత్యేకంగా రాసుకున్నాడు. అంటే బయటివాళ్ళ దృష్టికి వచ్చేంతగా అది వాడుకలో ఉండేదన్నమాట. కొనేవాడికి తెలియని లెక్క ఒకటి అమ్మేవాడి దగ్గర ఉంటే అనుమానం పుట్టదా? "వీడు మోసం చేస్తున్నాడు" అనే మాటకు మూలం కొంత మన దగ్గరే ఉంది. ఇది మనం ఒప్పుకోవాల.

ఆ అనుమానం మీద చల్లే నీళ్ళే కొసరు. తూకం అయినాక ఇంకో పిడికెడు, గుడ్డ కొలిచినాక ఇంకో నాలుగు వేళ్ళు. అసలు కంటే కొసరు ముద్దు అని సామెతే ఉంది. కొసరు విలువ తక్కువ, అది చెప్పే మాట పెద్దది: నీకు తగ్గించలేదు, నీతో లెక్క సరిచూసుకున్నా, మళ్ళా రా అని.

గుడియాత్తంలో ఇంకో సంగతి కూడా ఉండేది. అది మగ్గాల ఊరు, అగ్గిపెట్టెల ఊరు, బీడీల ఊరు. కూలి వారానికొకసారి చేతికొచ్చే ఇళ్ళు. వారం మధ్యలో సరుకు ఖాతా మీదే. వైగాసి మొదటి తేదీన గంగమ్మ సిరసు ఉత్సవం వచ్చిందంటే ఇంటికి కొత్త బట్టలు, చుట్టాలకు వంట, అన్నీ అరువే. అందుకే అక్కడ తగువంటే ధర తగువు కాదు, పద్దు తగువు. "ఈ బెల్లం మేం తీసుకోలేదు", "పోయిన వారం ఇచ్చిన రూపాయి రాయలేదు." చదువు రానివాళ్ళ పద్దు చదువొచ్చినవాడి చేతిలో ఉంటే ఇదే జరుగుతుంది. మా పెద్దల్లో ఒకాయన చెప్పినాడు, వాళ్ళ నాయన ఒక పద్ధతి పెట్టుకున్నాడంట. వారం చివర బాకీ అడిగే ముందు పద్దు మొత్తం గట్టిగా చదివి వినిపించేవాడు. ఏ రోజు, ఏ సరుకు, ఎవరు వచ్చి తీసుకుపోయినారు. పిల్లోడు వచ్చి తీసుకుపోయింటే పిల్లోడి పేరు కూడా. చదవడం మొదలుపెట్టినాక తగువులు సగానికి సగం తగ్గినాయంట. దీన్ని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళా వస్తాం.

ఇక్కడ ఒక నిజం చెప్పకుండా ముందుకు పోతే మనది చరిత్ర కాదు, పొగడ్త. ఆ తెల్లదుప్పటి పరుపు మీద అందరూ కూర్చోలేదు. దళితులు చాలా అంగళ్ళలో మెట్టు కిందే నిలబడాల్సి వచ్చేది. డబ్బు చేతికివ్వకుండా పెట్టమనేవాళ్ళు, సరుకు పైనుంచి వేసేవాళ్ళు. తూకం తగ్గిందని వాళ్ళు నోరెత్తి అడగగలరా? "మా కాలంలో గొడవలే లేవు" అని మన పెద్దలు అంటే, గొడవపడే హక్కు ఎంతమందికి ఉండేది అని కూడా అడగాల. రాజ్యాంగం రాసినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. 15వ అధికరణంలో కులం, మతం పేరుతో ఎవరినీ ఆపకూడని చోట్లు చెప్తూ మొదట రాసిన మాటే దుకాణాలు. తర్వాతే హోటళ్ళు, వినోద స్థలాలు. 1955 అస్పృశ్యత నేరాల చట్టం దుకాణంలోకి రానివ్వకపోవడాన్ని శిక్షపడే నేరం చేసింది. ఈరోజు గల్లాపెట్టె ముందు నిలబడి గట్టిగా అడిగే మనిషి వెనక ఈ చరిత్ర ఉంది. అడగడం అనేది కష్టపడి తెచ్చుకున్న హక్కు. అందరినీ "గొడవ మనుషులు" అని తీసిపారేసే ముందు ఇది గుర్తుండాల.

ఇప్పుడు 1957కు వద్దాం. మన పెద్దలు గొడవల సంవత్సరాలని ఇప్పటికీ చెప్పుకునేది ఆ కాలాన్నే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినాయి. అంతకు ముందు రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు. కొత్త లెక్కలో రూపాయికి 100 నయాపైసలు. అణాకు ఎంత? ఆరుంపావు. పావు పైసా ఎక్కడ దొరుకుతుంది? అణా సరుకుకు ఆరు తీసుకుంటే అంగడివాడికి పావు నష్టం, ఏడు తీసుకుంటే కొనేవాడికి ముప్పావు నష్టం. అణా సరుకు నాలుగుసార్లు విడివిడిగా కొంటే 24 పైసలు, ఒకేసారి నాలుగణాలది కొంటే 25. తెలివైన పిల్లలు నాలుగుసార్లు అంగడికి తిరిగి ఒక పైసా మిగిల్చినారని చెప్పుకుంటారు. పాత నాణేలు, కొత్త నాణేలు రెండూ చెల్లుబాటులో ఉండేవి, కాబట్టి చిల్లర ఇచ్చేటప్పుడు ప్రతిసారీ పంచాయతీ.

నాణేలు కుదురుకోకముందే తూకాలు మారినాయి. 1956లో తూనికలు కొలతల చట్టం, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలు, 1962 నాటికి పాత తూకాలకు సెలవు. మన పక్క పచారీ అంతా వీశల్లో, పలాల్లో నడిచేది. పలం అంటే మూడు తులాలు, వీశ అంటే 40 పలాలు, అంటే 120 తులాలు. కొత్త లెక్కలో వీశ దాదాపు కిలో 400 గ్రాములు, పలం 35 గ్రాములు. వీశ చింతపండు ధర తెలిసిన ఆడమనిషికి కిలో ధర చెప్తే తగ్గినట్టు అనిపిస్తుంది, సంచి చూస్తే సరుకు తగ్గి ఉంటుంది. గుడ్డ దగ్గర ఇది తిరగబడింది. గజం కంటే మీటరు మూడంగుళాల పైచిలుకు పొడుగు. గజం రూపాయి ఉన్న గుడ్డ మీటరు రూపాయి తొమ్మిది పైసలు అవుతుంది. లెక్కకు ధర మారలేదు, చెవికి మాత్రం పెరిగింది. "సర్కారు పేరు చెప్పి ధర పెంచినారు" అని తిట్లు. ఇందులో తిట్టినవాళ్ళ తప్పేముంది? వాళ్ళ చేతికి, కంటికి అలవాటైన కొలత ఒక్కసారిగా మాయమైంది. అదను చూసి అంకె గుండ్రం చేసి లాభం చేసుకున్న అంగళ్ళవాళ్ళూ లేకపోలేదు.

అప్పుడు నిలబడిన అంగళ్ళు ఏవి? పాత తూకం, కొత్త తూకం పక్కపక్కన పెట్టి చూపించినవి. లెక్క పలక మీద రాసి గోడకు తగిలించినవి. మా ఇళ్ళల్లో ఒకదాంట్లో అట్లాంటి పలక నిన్నమొన్నటిదాకా అటక మీద ఉండేది, ఒకపక్క పలాలు, ఒకపక్క గ్రాములు. అరిచేవాడితో వాదించకుండా పలక వైపు చెయ్యి చూపించేవాళ్ళంట.

ఇదే కథ మన కళ్ళ ముందు రెండుసార్లు మళ్ళీ జరిగింది. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దయినాయి, అదీ పెళ్ళిళ్ళ కార్తీకంలో. మర్నాడు అడ్వాన్సు కట్టిన పెళ్ళివాళ్ళు పాత నోట్లతో వచ్చి నిలబడితే, తీసుకోమంటే ఏడుపు, తీసుకుంటే మనకు చిక్కు. రెండోది పదిరూపాయల బిళ్ళ. మన జిల్లాలో అది చెల్లదని ఎవరు పుట్టించినారో, ఏళ్ళ తరబడి అంగళ్ళవాళ్ళు తీసుకోలేదు, అంగళ్ళు ఇస్తే జనం తీసుకోలేదు. బస్సుల్లో కొట్లాటలు. రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని ప్రకటించినా అనుమానం పోవడానికి చాలా కాలం పట్టింది. రెండుసార్లూ గొడవ అంగట్లో జరిగింది, కారణం మాత్రం అంగట్లో లేదు.

వేలూరుకు ఇంకో ప్రత్యేకత ఉంది. 1900లో ఇడా స్కడర్ ఒకే మంచంతో మొదలుపెట్టిన వైద్యం 1902లో 40 పడకల ఆసుపత్రి అయింది, 1918లో ఆడవాళ్ళకు వైద్య పాఠశాల వచ్చింది. అదే ఈనాటి సీఎంసీ. బెంగాలు, జార్ఖండు, ఈశాన్య రాష్ట్రాలు, బంగ్లాదేశ్ నుంచి కూడా రోగులు వస్తారు. ఆసుపత్రి చుట్టుపక్కల గాంధీ రోడ్డు, బాబురావు వీధి వైపు పోతే బోర్డుల మీద బెంగాలీ, హిందీ కనబడతాయి. "వాంగ" అని తమిళంలో, "రాండి" అని తెలుగులో, "ఆయియే" అని ఉర్దూలో, "ఆషున్" అని బెంగాలీలో పిలిచే కుర్రోళ్ళు అక్కడి అంగళ్ళలో ఉన్నారు. వాళ్ళలో చాలామందికి ఏ బడీ ఆ భాషలు నేర్పలేదు.

అక్కడ గల్లా దగ్గర గొడవ ఎందుకొస్తుంది? మా సభ్యుల్లో మందుల షాపు నడిపే ఒకాయన ముప్పై ఏళ్ళ అనుభవం చెప్పినాడు. రెండు రూపాయల చిల్లర కోసం అరిచే మనిషి చేతిలో తరచుగా స్కానింగు కవరు ఉంటుంది. రెండు రోజుల రైలు ప్రయాణం చేసి వచ్చి, రోజుకింత అని గది అద్దె కడుతూ, రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న మనిషి. భాష రాదు, తిండి పడదు, డబ్బు కరిగిపోతోంది. డాక్టరు మీద అరవలేడు, దేవుడి మీద అరవలేడు. మందులషాపు కుర్రోడి మీద అరుస్తాడు. "నేను కుర్రోళ్ళకు ఒకటే చెప్తాను, ముందు కవరు చూడండిరా, తర్వాత మొహం చూడండి" అన్నాడాయన. బిల్లు ఇచ్చేటప్పుడు ఏ మందు ఎంతో ఒక్కొక్కటిగా వాళ్ళ భాషలో చెప్తాడంట. గుడియాత్తం పెద్దాయన పద్దు చదివినట్టే.

ఇప్పుడు "కొనేవాళ్ళు దేవుళ్ళు" అనే మాటకు వద్దాం. ఈ మాట మనది అనుకుంటాం. కొనేవాడే ఎప్పుడూ కరెక్టు అనే నినాదం షికాగోలో మార్షల్ ఫీల్డు దుకాణం చుట్టూ, ఆ దుకాణంలోనే పని నేర్చి 1909లో లండనులో సొంత దుకాణం తెరిచిన సెల్ఫ్రిడ్జి చుట్టూ పెరిగింది. అప్పటి మాట ఏమంటే, కొన్నాక ఏమైనా నీదే బాధ్యత అని. అట్లాంటి కాలంలో, ఫిర్యాదు తెచ్చిన మనిషిని ముందు నమ్మండి అని చెప్పడం పెద్ద మార్పే. అది మంచి మాట. దాని అర్థం సరుకు గురించి చెప్పేది నమ్మమని. దుకాణంలో పనిచేసేవాళ్ళను తిట్టే హక్కు ఇచ్చినట్టు కాదు.

మన ఊళ్ళల్లో బ్యాంకుల్లో, అంగళ్ళలో గాంధీ బొమ్మతో ఒక పటం వేలాడుతుంటుంది, కొనవచ్చినవాడే మనకు ముఖ్యమైన అతిథి అనే భావంతో. గాంధీ రచనల్లో ఆ మాటలు దొరకలేదు. దానికి దగ్గరగా ఉన్న మాటలు 1941లో అమెరికాలో స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీ అమ్మకాల అధికారి కెన్నెత్ ఎలియట్ పేరుతో అచ్చయి ఉన్నాయి. కార్లు అమ్మేవాడి మాటకు మహాత్ముడి బొమ్మ తగిలించి, కింద జీతానికి నిలబడ్డ పిల్ల చేత పాటింపజేస్తున్నాం. అతిథి అని ఒప్పుకుందాం. అతిథికి కూడా ఇంటివాళ్ళను తిట్టే మర్యాద ఏ ఊళ్ళో ఉంది?

పరుపు అంగడి పోయి అద్దాల అంతస్తులు వచ్చినాక రెండు మార్పులు జరిగినాయి. ధర చీటీ మీద అచ్చయింది కాబట్టి బేరం పోయింది, బేరంతో పాటు కొసరూ పోయింది. కొనేవాడికి ఇంక మిగిలిన దారి ఒకటే, గట్టిగా అడగడం. రెండోది, నిర్ణయం తీసుకునే యజమాని పైఅంతస్తుకు పోయినాడు. గల్లా ముందు మిగిలింది మేనేజరు. రూపాయి తగ్గించే అధికారం లేదు, తిట్లు తినే బాధ్యత మాత్రం ఉంది. పాత అంగట్లో తిట్టు తినేదీ, సర్దుబాటు చేసేదీ ఒకే మనిషి. పెద్దలు "మేం ఓర్చుకున్నాం" అంటే నిజమే, కానీ ఓర్చుకోవాలా వద్దా అనేది వాళ్ళ చేతిలో ఉండేది.

చట్టం కూడా చూద్దాం, ఎందుకంటే మన అంగళ్ళు చాలా వాటిల్లో ఇప్పటికీ తెలియని సంగతి ఇది. 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టానికి ఆమోదముద్ర పడింది. జిల్లాకొక ఫోరం, వకీలు లేకుండా కూడా ఫిర్యాదు. దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుంచి అమల్లో ఉంది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోతే అది అన్యాయ వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చేసుకుంటే సరిపోదు.

ఈ లెక్కన ఆ పట్టుచీర తెచ్చినావిడకు అడిగే హక్కు ఉంది. చీర కొని పది రోజులే అయింది. రంగు నిలవకపోవడం లోపమే కావచ్చు. నీళ్ళలో ఉతకకూడదని అమ్మేటప్పుడు ఎవరైనా చెప్పినారా? మన పిల్లనే అడిగినాం. ఆడి రద్దీలో చెప్పే తీరిక ఉండదంది. అంటే తప్పు ఆ మేనేజరు నోట్లో లేదు, ఆవిడ కోపంలోనూ మొత్తం లేదు. అమ్మే రోజు చెప్పాల్సిన మాట చెప్పకపోవడంలో ఉంది. కానీ అడిగే హక్కు వేరు, వీడియో పెట్టి పరువు తీయడం వేరు. మొదటిది చట్టం ఇచ్చింది, రెండోది ఎవరూ ఇవ్వలేదు.

ఇక కూర్చునే సంగతి. మద్రాసు దుకాణాల చట్టం 1947లోనే వచ్చింది. రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అని అందులో ఉంది. ఎన్ని గంటలు పని అనేది రాసినారు గానీ, ఆ గంటలన్నీ నిలబడే చెయ్యాల్నా అనేది రాయలేదు. అప్పట్లో అందరూ పరుపు మీద కూర్చునే ఉండేవాళ్ళేమో, ఆ ఆలోచనే వచ్చి ఉండదు. కేరళలో బట్టల అంగళ్ళ ఆడవాళ్ళు పోరాడి 2018లో కూర్చునే హక్కు తెచ్చుకున్నారు. మన రాష్ట్రంలో 2021 సెప్టెంబరులో శాసనసభ ఆ చట్టాన్ని సవరించింది. 22-ఎ అనే సెక్షను చేర్చి, పనిచేసే ప్రతి ఒక్కరికీ కూర్చోను ఏర్పాటు ఉండాలని రాసినారు. పనివేళంతా నిలబడడం వల్ల ఆరోగ్య సమస్యలు వస్తున్నాయనే కారణం చూపించినారు. మన పిల్ల పనిచేసే అంతస్తులో ఎన్ని స్టూళ్ళు ఉన్నాయని అడిగినాం. రెండున్నాయంట, రెండూ కొనవచ్చినవాళ్ళకు.

పొద్దున తొమ్మిదిన్నర నుంచి నిలబడ్డ మనిషి, సాయంత్రం ఏడుకు వచ్చే కోపాన్ని ఏ ఓపికతో వింటుంది? నోరు మంచిదైతే ఊరు మంచిది అన్న మాట నిజమే. నోరు మంచిగా ఉండాలంటే కాలు నొప్పి లేకుండా ఉండాల, చేతిలో కొంచెం అధికారం ఉండాల, వెనక యజమాని ఉండాల. మన పెద్దలకు ఈ మూడూ ఉండేవి. అందుకే వాళ్ళ ఓర్పును ఈ పిల్లల మీద కొలతగా పెట్టకూడదని మాకు అర్థమైంది.

పోయిన కూటంలో దీని మీద రెండు గంటలు మాట్లాడుకున్నాం. వాదనలు జరిగినాయి. "యాభై రకాల మనుషులొస్తారు, అందరికీ చెప్పుకుంటూ కూర్చుంటే వ్యాపారమెప్పుడు?" అన్నవాళ్ళున్నారు. అది కూడా నిజమే. చిన్న అంగళ్ళవాళ్ళు ఆన్‌లైను పోటీలో నలిగిపోతున్నారు, ఒక్క చెడ్డ వీడియోకు భయపడతారు. అయినా చివరకు సభ్యుల అంగళ్ళ వరకు నాలుగు సంగతులు ఒప్పుకున్నాం.

ఒకటి, అమ్మే రోజే చెప్పడం. చీరైతే ఎట్లా ఉతకాల, నగైతే తరుగు ఎంత, మజూరీ ఎంత, వాపసు గడువు ఎంత. తమిళం, తెలుగు, ఉర్దూలో చిన్న చీటీ, చదువు రానివాళ్ళకు చదివి వినిపించడం.

రెండు, గొడవ మొదలైతే ఆ మనిషిని రద్దీలోంచి పక్కకు పిలిచి కూర్చోబెట్టడం, మనవాళ్ళూ కూర్చోవడం. ఇద్దరూ కూర్చున్నాక గొంతు దానంతటదే తగ్గుతుందని పరుపు అంగళ్ళవాళ్ళకు తెలుసు.

మూడు, మేనేజరుకు ఒక మొత్తం వరకు సొంతంగా సర్దుబాటు చేసే అధికారం. దాన్ని మనం కొసరు అనే పిలుద్దామని ఒక పెద్దాయన అన్నాడు, అందరూ ఒప్పుకున్నారు.

నాలుగు, బూతులు తిట్టినా, చెయ్యెత్తినా, పనివాళ్ళను వీడియో తీసినా యజమాని ముందు తన మనిషి పక్కన నిలబడాల. ఏం జరిగిందో వినకుండా క్షమాపణ చెప్పించకూడదు.

స్టూళ్ళ గురించి కూటంలో పెట్టాల్సిన పనే లేదు, అది చట్టం.

ఆ పిల్ల సంగతి అడుగుతారు గదా. పాత చోటుకు మళ్ళా పోలేదు. గుడియాత్తంలో మన సభ్యుల లుంగీల అంగట్లో లెక్కలు, అమ్మకాలు చూస్తోంది. జీతం కొంచెం తక్కువే. మొన్న వెళ్ళి చూసినాం. ఒక ముసలాయన వచ్చి, పోయినసారి కొన్న లుంగీ గళ్ళు వెలిసిపోయినాయని గట్టిగట్టిగా అంటున్నాడు. ఆమె లేచి స్టూలు ఆయన వైపు జరిపి, "కూర్చో తాతా, చూద్దాం" అని, ఇంకో స్టూలు లాక్కుని తనూ కూర్చునింది. లుంగీ వెలుగులో పట్టి ఇద్దరూ చాలాసేపు చూసినారు. మార్చి ఇచ్చిందో లేదో మేం అడగలేదు. పోతా పోతా ఆయన మనవడికి ఒక తువాలు కొనుక్కుపోయినాడు.

మీ ఇళ్ళల్లో పాత తూకాలు, లెక్క పలకలు, పద్దు పుస్తకాలు ఉంటే పాత ఇనుముకు వేయకండి. ఫొటో తీసి పంపండి, లేదా కూటానికి తీసుకురండి. గల్లా ముందు మీరు పడ్డ మాటలు, మీ వాళ్ళ చేత పడిన మాటలు కూడా కింద రాయండి. అంగడి పేర్లు, మనుషుల పేర్లు మాత్రం వద్దు.